చిన్న ఆటలతో ఆట తెలివి నేర్పడం ఎలా?

కోన్ల మధ్య బంతిని చక్కగా తిప్పే ప్లేయర్లే మ్యాచ్‌లో బంతి కాలికి తగలగానే తికమకపడుతుంటారు. సహచరుడు పక్కనే ఖాళీగా ఉంటాడు, కానీ కనిపించడు. పాస్ ఇవ్వాల్సిన చోట డ్రిబుల్ చేస్తారు, డ్రిబుల్ చేయాల్సిన చోట కంగారుగా పాస్ వదిలేస్తారు. ఇది చూసి చాలామంది కోచ్‌లు టెక్నిక్ బాగాలేదనుకుని ఇంకో వంద పాస్‌ల డ్రిల్ పెడతారు. నిజానికి పాస్ కొట్టడం ఆ ప్లేయర్‌కు వచ్చు. ఎప్పుడు కొట్టాలి, ఎవరికి కొట్టాలి అన్నదే రాదు. కోన్ మీదికి రాదు, కాలు అడ్డం పెట్టదు, మోసం చేయదు. అందుకే కోన్లతో ఎన్నాళ్లు ప్రాక్టీస్ చేసినా ఆ నిర్ణయం అలవాటు కాదు.

చిన్న ఆటలు ఈ లోటు పూడ్చడానికే. మనుషులు తక్కువ, గ్రౌండ్ చిన్నది, రూల్స్ మార్చినవి, ఎదురుగా మాత్రం నిజమైన ప్రత్యర్థి. 1982లో ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో యూనివర్సిటీకి చెందిన డేవిడ్ బంకర్, రాడ్ థార్ప్ ఈ దారికి ఒక పద్ధతి ఏర్పరిచారు. టెక్నిక్ అంతా నేర్పాక ఆట ఆడించే పాత వరసను తిరగేశారు. ముందు ఆటను కుదించి ఆడించాలి, ఏం చేయాలో పిల్లలకు తెలిసొచ్చాక అది ఎలా చేయాలో నేర్పాలి అన్నారు. 1986లో మనిషి కదలికలపై పరిశోధన చేసిన కార్ల్ న్యూవెల్ ఇంకో మాట కలిపాడు: మనిషి కదలికను మూడు నిర్ణయిస్తాయి, ఆ మనిషి, చుట్టూ ఉన్న పరిసరాలు, చేయాల్సిన పని. ప్లేయర్ ఎత్తునో, వాతావరణాన్నో కోచ్ మార్చలేడు. పనిని మాత్రం ఐదు నిమిషాల్లో మార్చగలడు. గ్రౌండ్ కొలత, మనుషుల సంఖ్య, గోల్ ఎక్కడ, పాయింట్ దేనికి, ఇవన్నీ కోచ్ చేతిలోనే ఉంటాయి.

ఒకటి ముందే చెప్పాలి. పిల్లల్ని రెండు జట్లు చేసి బంతి ఇచ్చి, కోచ్ పక్కన ఫోన్ చూస్తూ కూర్చోవడం చిన్న ఆట కాదు. దానివల్ల ఆయాసం వస్తుంది, ఆనందమూ ఉంటుంది, తెలివి మాత్రం ఎవరికి ఉన్నంత వారికే ఉంటుంది. కింద ఉదాహరణలు ఎక్కువగా ఫుట్‌బాల్‌వి. హాకీ, హ్యాండ్‌బాల్, బాస్కెట్‌బాల్ కోచ్‌లు కొలతలు మార్చుకుంటే చాలు. 4-4 అని రాసిన చోటల్లా నలుగురికి నలుగురు అని చదువుకోండి.

1. మ్యాచ్ నుంచి ఒక్క సమస్య తీసుకోండి

"మా వాళ్లకు పాసింగ్ రాదు" అన్నది ఫిర్యాదు. దాంతో ఆట తయారు కాదు. సమస్యను సన్నివేశంగా రాయాలి: బంతి ఎక్కడుంది, ఎవరి దగ్గరుంది, ప్రత్యర్థి ఏం చేస్తున్నాడు, మనవాడు ఏం చూడలేకపోతున్నాడు. ఉదాహరణకు: "బంతి కుడి పక్కన ఇరుక్కుపోతోంది. ప్రత్యర్థులు ఐదారుగురు అటే చేరుతున్నారు. ఎడమ పక్క ఖాళీ. అయినా మనవాళ్లు అదే కుడి పక్కన ముందుకు తోసుకెళ్తున్నారు." ఇది గ్రౌండ్ మీద కట్టగలిగే సమస్య. ఈ వ్యాసంలో దీన్నే వెంటబెట్టుకుని వెళ్దాం.

ఒక్కో ప్రాక్టీస్‌కు ఒక్కటే. రెండు సమస్యలు పెట్టుకుంటే రూల్స్ పెరుగుతాయి. రూల్స్ పెరిగితే పిల్లలు ఆట మీద కాకుండా రూల్ మీద దృష్టి పెడతారు.

2. ఎంతమంది?

ఒక్కో సంఖ్య ఒక్కో విషయం నేర్పుతుంది. 1-1లో ధైర్యం, మోసగించే అడుగు, డిఫెన్స్‌లో ఒంటి నిలకడ. 2-1లో మొదటి అసలు నిర్ణయం వస్తుంది: డిఫెండర్ నా మీదికి వస్తే పాస్, పక్కవాడి మీదికి పోతే నేనే వెళ్తాను. ఈ ఒక్క ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన ప్లేయర్లు తక్కువే, సీనియర్ జట్లలో కూడా.

3-3తో త్రికోణం వస్తుంది. బంతి ఉన్నవాడికి ఎప్పుడూ రెండు దారులుంటాయి, బంతి లేనివాళ్లు ఆ దారులు తెరిచి ఉంచడం నేర్చుకుంటారు. 4-4లో వెడల్పు, లోతు రెండూ ఒకేసారి దొరుకుతాయి. ముందు ఒకడు, వెనక ఒకడు, పక్కలకు ఇద్దరు. పెద్ద ఆటలో ఉండే సంబంధాలు చాలావరకు ఇక్కడికే వచ్చేస్తాయి, అలాగని ఎవరికీ దాక్కునే చోటు ఉండదు. అందుకే ఏదో ఒకటే ఎంచుకోమంటే 4-4 ఎంచుకుంటాను. 7-7 దాటితే ఆట మళ్లీ పెద్దదైపోతుంది. జట్టు ఆకృతి నేర్పడానికి అది మంచిదే, కానీ ఒక్కొక్కరికి వచ్చే నిర్ణయాలు తగ్గిపోతాయి.

సమానంగా ఆడించాలా, ఒకరిని ఎక్కువ పెట్టాలా? కొత్త విషయం నేర్పుతున్నప్పుడు అటాక్‌కు ఒకరిని ఎక్కువ ఇవ్వండి. దీనికి జోకర్ మంచి మార్గం. వేరే రంగు బిబ్ (జెర్సీ మీద తొడిగే పైచొక్కా) వేసుకుని, బంతి ఏ జట్టు దగ్గరుంటే ఆ జట్టు తరఫున ఆడతాడు. విషయం పట్టుబడ్డాక జోకర్‌ను తీసేయండి. జోకర్‌గా ఎప్పుడూ జట్టులో బాగా ఆడేవాడినే పెట్టకండి. అలా పెడితే మిగతావాళ్లు ప్రతి బంతినీ అతడికే ఇచ్చి చేతులు దులుపుకుంటారు.

3. గ్రౌండ్ ఎంత?

లెక్క సులువు. పొడవును వెడల్పుతో గుణించి, ఆడేవాళ్ల సంఖ్యతో భాగించండి. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పున్న పూర్తి ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో 22 మంది ఆడితే ఒక్కొక్కరికి దాదాపు 325 చదరపు మీటర్లు వస్తుంది. 40 మీటర్లకు 30 మీటర్లు గీసి 4-4 ఆడిస్తే 150. దాన్ని 30కి 20 చేస్తే 75.

ఈ అంకె తగ్గేకొద్దీ ఆలోచించే సమయం తగ్గుతుంది, మొదటి టచ్ మీద ఒత్తిడి పెరుగుతుంది, ఒంటిమీదికి వచ్చే డిఫెండర్లు ఎక్కువవుతారు. పెరిగేకొద్దీ తల ఎత్తి చూసే వీలు, పొడవైన పాస్, వేగంగా పరుగెత్తే అవకాశం వస్తాయి. కొత్తవాళ్లను ఇరుకులో పెట్టి "త్వరగా ఆలోచించు" అని అరవడం అన్యాయం. బంతిని ఆపుకోవడమే వాళ్లకు పెద్ద పని, చుట్టూ చూసే తీరిక ఎక్కడిది? వాళ్లకు వెడల్పుగా ఇచ్చి, నిలదొక్కుకున్నాక కోన్లను లోపలికి జరపండి.

ఆకారం కూడా చూడాలి. పొడవుగా, ఇరుకుగా గీస్తే ఆట నేరుగా ముందుకు పోతుంది. డిఫెన్స్ వెనక్కి పరుగులు, ముందుకు వేసే పాస్‌లు సాధన అవుతాయి. వెడల్పుగా, పొట్టిగా గీస్తే ఆట పక్కలకు విస్తరిస్తుంది. మన సమస్య బంతిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పడం కాబట్టి వెడల్పు 40, పొడవు 30 గీద్దాం.

4. పాయింట్ దేనికి?

ఆట అంతా ఇక్కడే ఉంది. ప్లేయర్లు కోచ్ మాట వినకపోవచ్చు, స్కోరు మాట మాత్రం తప్పకుండా వింటారు. పాయింట్ ఎక్కడుంటే కళ్లు అక్కడికే పోతాయి.

మన ఆటకు నాలుగు చిన్న గోల్స్ కావాలి. రెండు చివరి గీతల మీద చెరో రెండు, మూలలకు దగ్గరగా పెట్టండి. రెండు కోన్ల మధ్య రెండు మీటర్లు చాలు. ఒక్కో జట్టు రెండు గోల్స్ కాపాడాలి, రెండింటిలో వేయొచ్చు. గోల్‌కీపర్లు లేరు. మూడు మూడు ప్లేయర్లతో, నాలుగు చిన్న గోల్స్‌తో పిల్లల కోసం జర్మన్ కోచ్ హోర్స్ట్ వైన్ రూపొందించిన ఫునీన్యో అనే చిన్న ఫుట్‌బాల్ ఆటకూ ఇదే ఆధారం.

ఇప్పుడు ఏం జరుగుతుందో చూడండి. మొదటి రెండు నిమిషాలూ అందరూ దగ్గరున్న గోల్ వైపే ఎగబడతారు. డిఫెండర్లూ అటే చేరతారు. గుంపు, కాళ్లు, దుమ్ము. కాసేపటికి ఎవరో ఒకరు దారి దొరక్క బంతితో వెనక్కి తిరుగుతారు. తిరగ్గానే అవతలి గోల్ ముందు ఒక్కరూ లేరని కనిపిస్తుంది. రెండు పాస్‌లు, గోల్. ఆ పని మీరు చెప్పలేదు, ఆట చెప్పింది. ఆ తర్వాతి బంతికి ఇంకొకడు తల ముందే ఎత్తి చూస్తాడు. మీరు ఎదురుచూడాల్సింది ఆ తల ఎత్తడం కోసమే. గోల్ పడిందా లేదా అన్నది తర్వాత.

తర్వాత వాళ్లు మీ ఆటకు చిల్లు వెతుకుతారు. ఇద్దరు డిఫెండర్లు చెరో గోల్ ముందు గోల్‌కీపర్లలా నిలబడిపోతారు. ఇక అవతల ఖాళీ ఉండదు, ఆట చచ్చిపోతుంది. "అక్కడ నిలబడకండి" అని నిషేధిస్తే ఎవరు ఎంత దూరంలో ఉన్నారన్న గొడవ మొదలవుతుంది. దానికన్నా పాయింట్ మార్చండి: ప్రత్యర్థి సగంలో బంతి గుంజుకుని ఆరు సెకన్లలోపు గోల్ వేస్తే రెండు పాయింట్లు. ఇప్పుడు నిలబడేవాళ్లకు ముందుకొచ్చి బంతి కోసం పోరాడడం లాభం. వాళ్లు బయటికి రాగానే వెనక ఖాళీ తెరుచుకుంటుంది, మీకు కావాల్సిన సమస్య మళ్లీ తిరిగొస్తుంది.

ఇలాంటి చిల్లులు దాదాపు ప్రతి రూల్‌కూ ఉంటాయి. "ఐదు పాస్‌లకు ఒక పాయింట్" అంటే ఇద్దరు మూడు మీటర్ల దూరంలో నిలబడి బంతిని అటూఇటూ తట్టుకుంటారు. పాస్‌లు లెక్కకు వస్తాయి, ఆట రాదు. పాస్ అనేది ముందుకు వెళ్లడానికో, ప్రత్యర్థిని కదిలించడానికో సాధనం. అందుకని పాస్‌ల సంఖ్యకు కాకుండా వాటి ఫలితానికి పాయింట్ ఇవ్వండి: రెండు పక్కలా బంతి తిరిగాక వేసిన గోల్‌కు రెండు, మామూలు గోల్‌కు ఒకటి. మామూలు గోల్‌ను రద్దు చేయకండి. దగ్గర గోల్ నిజంగా ఖాళీగా ఉంటే అందులో వేయడమే సరైన నిర్ణయం. దాన్ని తప్పని నేర్పితే మ్యాచ్‌లో ఖాళీ గోల్ ముందు నుంచి కూడా బంతిని వెనక్కి తిప్పుతారు.

5. రూల్స్‌తో జాగ్రత్త

రెండు టచ్‌ల రూల్ అందరూ వాడేదే. వేగం పెరుగుతుంది, నిజమే. కానీ బంతి రాకముందే ఎటు ఇవ్వాలో చూసుకునే అలవాటు లేనివాడు ఈ రూల్ కింద చేసేదల్లా కళ్లు మూసుకుని తోసేయడం. పైగా డ్రిబుల్ చేసి దాటిపోవాల్సిన చోట కూడా పాస్ ఇస్తాడు, ఎందుకంటే వేరే దారి మీరే మూసేశారు. నిర్ణయం నేర్పాలంటే రెండు దారులైనా తెరిచి ఉండాలి. టచ్‌లు తగ్గించాలని ఉంటే మీ సొంత సగంలో మాత్రం రెండు టచ్‌లు, అవతలి సగంలో ఇష్టం అని పెట్టండి.

నా పద్ధతి ఒకటే: నిషేధించడం కన్నా బహుమతి మంచిది. కొత్త రూల్ పెడుతుంటే దాన్ని ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. రెండో వాక్యం అవసరమైతే ఆ రూల్ ఇంకా తయారు కాలేదన్నమాట.

రోండో గురించి కూడా రెండు మాటలు. చుట్టూ నిలబడి మధ్యలో ఒకరిద్దరిని పరుగెత్తించే ఆట అది. వార్మప్‌కు బాగుంటుంది, మొదటి టచ్‌కూ, పాస్ కోణాలకూ ఉపయోగపడుతుంది. కానీ అందులో ఎటు పోవాలన్న దిక్కు ఉండదు, గోల్ ఉండదు. దిక్కు లేని ఆటలో ముందుకు వెళ్లాలా, ఆగాలా అన్న ప్రశ్నే రాదు. పది పదిహేను నిమిషాలకు మించి దాని మీద పెట్టడం దండగ.

6. ఆడించేటప్పుడు

నాలుగేసి నిమిషాల ఆటలు నాలుగు, మధ్యలో రెండేసి నిమిషాల విశ్రాంతి. 4-4కు ఇది చాలామంది కోచ్‌లకు కలిసొచ్చే కొలత. 2-2 అయితే అలుపు తొందరగా వస్తుంది కాబట్టి ఒకటిన్నర, రెండు నిమిషాలకు దించండి. అలసిపోయిన బుర్ర నిర్ణయాలు నేర్చుకోదు. ఆయాసమే కావాలంటే దానికి వేరే రోజు, వేరే ఆట.

గీత చుట్టూ అదనపు బంతులు పెట్టుకోండి. బంతి బయటికి పోయిన వెంటనే ఇంకోటి లోపల పడాలి. ఆ బంతిని ఎక్కడ వేస్తారన్నది కూడా బోధనే. మన ఉదాహరణలో ఎప్పుడూ ఒక పక్క మూలకే వేయండి, గుంపు అక్కడే చేరుతుంది, అవతల ఖాళీ పుడుతుంది. మీరు ఒక్క మాట అనకుండా సమస్యను పదేపదే ముందు పెడుతున్నారు.

స్కోరు గట్టిగా చెప్పండి. గెలుపు ఓటములు లేని చోట నిర్ణయానికి బరువుండదు. చివరి ఆటలో "మీరు ఒక గోల్ వెనకున్నారు, రెండు నిమిషాలే ఉంది" అని ఒక జట్టుకు చెప్పి చూడండి. అప్పటిదాకా నింపాదిగా తిప్పినవాళ్లు టెన్షన్‌లో మళ్లీ దగ్గర గోల్ మీద పడతారు. మ్యాచ్‌లో జరిగేది అదే, దాన్ని ఇక్కడే ఎదుర్కోవడం మంచిది.

7. ఎప్పుడు ఆపాలి, ఏం అడగాలి

మొదటి ఆట మొత్తం నోరు మూసుకుని చూడండి. కోచ్‌లకు అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే. బంతి ఉన్నవాడికి గట్టు మీద నుంచి "పాస్! పాస్!" అని అరిస్తే ఆ నిర్ణయం మీరు తీసుకున్నట్టు. మ్యాచ్‌లో మీ గొంతు అందని చోట అతడు ఏం చేస్తాడు?

ఒకే పొరపాటు మళ్లీ మళ్లీ జరుగుతుంటే విజిల్ వేసి అందరినీ ఉన్నచోటే నిలబెట్టండి. స్థానాలు చెదరకముందే అడగాలి. ప్రశ్న ఇలా ఉంటే పని చేస్తుంది: "ఇప్పుడు నీ ఎదురుగా ఎంతమంది ఉన్నారు? అవతల ఎంతమంది? బంతి నీ దగ్గరికి వచ్చేలోపు అటు చూశావా?" "ఎందుకలా చేశావ్?" అని మాత్రం అడగకండి. అది ప్రశ్నలా వినిపించదు, తిట్టులా వినిపిస్తుంది, జవాబుగా తల వంచుకోవడమే వస్తుంది.

ఒక్కోసారి తప్పు బంతి ఉన్నవాడిది కాకపోవచ్చు. తిప్పుదామని అతడు వెనక్కి తిరిగినా, ఎడమ పక్కన ఉండాల్సినవాడు గుంపులోకి వచ్చి నిలబడితే ఎవరికి ఇస్తాడు? అప్పుడు ప్రశ్న ఆ రెండోవాడికి: "అతడు తిరిగితే నువ్వు ఎక్కడ కనిపించాలి?" చిన్న ఆటల్లో బంతి లేనివాళ్ల మీద కన్నేసి ఉంచడం అలవాటు చేసుకుంటే, సగం సమస్యలు అక్కడే దొరుకుతాయి.

ఇరవై ముప్పై సెకన్లలో మళ్లీ ఆట మొదలవ్వాలి. విశ్రాంతి సమయంలో జట్లను వాళ్లలో వాళ్లనే మాట్లాడుకోనివ్వండి. "తర్వాతి ఆటలో ఏం మారుస్తారు?" అని అడిగి పక్కకు రండి.

8. సులువైతే బిగించండి, కష్టమైతే వదలండి

ప్రతి అటాక్ గోల్ అవుతుంటే డిఫెన్స్‌కు ఒకరిని కలపండి, లేదా వెడల్పు ఐదు మీటర్లు తగ్గించండి. వరుసగా ఏదీ పూర్తి కాకపోతే జోకర్‌ను ఆటలోకి దించండి, లేదా గ్రౌండ్ పెంచండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల ఆట బాగుపడిందో తెలియదు. ఒక ప్లేయర్ మిగతావాళ్లకన్నా చాలా ముందుంటే అందరికీ రూల్ మార్చాల్సిన పని లేదు, అతడి చెవిలో ఒక్కడికే చెప్పండి: "నీ గోల్స్ ఎడమ కాలితో వేసినవే లెక్క."

వేరే ఆటల్లో

బాస్కెట్‌బాల్‌లో 3-3 ఇప్పటికే సొంతంగా ఒక ఆట. టోక్యో ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది. సగం కోర్టు, ఒకే బుట్ట, షాట్‌కు 12 సెకన్లు. మామూలు ఆటలో ఉన్న 24 సెకన్లలో ఇది సగం కాబట్టి నిర్ణయం వెంటనే తీసుకోక తప్పదు. బంతి లేకుండా కదలడం నేర్పాలంటే ఇందులో డ్రిబుల్ తీసేసి ఐదు నిమిషాలు ఆడించండి, నిలబడి చూసేవాళ్లంతా బయటపడతారు. వాలీబాల్‌లో కోర్టు ఇరుకు చేసి 2-2 పెడితే, బంతిని ఎక్కడ వేయాలో చూసే అలవాటు తొందరగా వస్తుంది.

కబడ్డీలో ఏడుగురిని నిలబెట్టి రెయిడ్ మీద రెయిడ్ వేయించే బదులు, ముగ్గురు డిఫెండర్లతో ఆడించండి. ముగ్గురు లేదా అంతకన్నా తక్కువ మంది ఉన్నప్పుడు పట్టుకుంటే అదనపు పాయింట్ వచ్చే సూపర్ ట్యాకిల్ పరిస్థితి ఇది. రెయిడర్‌కు స్కోరు చెప్పి పంపండి: రెండు పాయింట్లు ముందున్నావు, నిమిషం ఉంది. ఇప్పుడు తాకడానికి వెళ్లాలా, బాక్ లైన్ దాటి క్షేమంగా తిరిగొస్తే చాలా? ఇద్దరు గొలుసు కట్టినప్పుడు మూడోవాడు ఎప్పుడు దూకాలి? ఏడుగురి గుంపులో ఈ ప్రశ్నలు ఇంత సూటిగా ముందుకు రావు.

చిన్న ఆటలకు చేతకానివి

గ్రౌండ్ చిన్నది కాబట్టి పూర్తి వేగంతో ముప్పై నలభై మీటర్ల పరుగు ఇందులో రాదు. ఆ పరుగు విడిగా చేయించకపోతే, మ్యాచ్‌లో హఠాత్తుగా అవసరమైనప్పుడు తొడ కండరం పట్టేయొచ్చు. ఆఫ్‌సైడ్ గీతను నలుగురు డిఫెండర్లు కలిసి కదిలించడం, కార్నర్లు, గోల్‌కీపర్‌తో సమన్వయం, ఇవన్నీ పెద్ద ఆటలోనే. టెక్నిక్ మరీ బలహీనంగా ఉన్నవాళ్లకు డ్రిల్ కూడా కావాలి. ఆటలో ఎక్కడ తడబడ్డాడో చూసి పక్కకు పిలిచి ఐదు నిమిషాలు ఆ ఒక్క పాస్ చేయించి, మళ్లీ ఆటలోకి పంపండి. అప్పుడు ఆ డ్రిల్ ఎందుకో వాడికి తెలుసు.

9. మ్యాచ్‌లోకి వచ్చిందా?

ప్రాక్టీస్ చివర రూల్స్ అన్నీ తీసేసి, గోల్స్ మామూలుగా పెట్టి, 7-7 లేదా ఎంతమంది ఉంటే అంతమందితో పదిహేను నిమిషాలు ఆడించండి. బహుమతి పాయింట్ లేకపోయినా బంతిని అవతలికి తిప్పుతున్నారా? తిప్పితే విషయం పట్టుకున్నట్టే. రూల్ పోగానే అలవాటూ పోతే వాళ్లు పాయింట్ కోసం ఆడారు. తర్వాతి ప్రాక్టీస్‌లో అదే ఆటను రెండు పాయింట్ల బహుమతి లేకుండా మళ్లీ పెట్టండి.

మ్యాచ్ రోజు గట్టు మీద ఒకరిని కాగితంతో కూర్చోబెట్టి రెండే లెక్కలు రాయమనండి. బంతి ఒక పక్క ఇరుక్కున్న సందర్భాలెన్ని, అందులో తల ఎత్తి అవతలికి చూసినవెన్ని. పాస్ చేరిందా లేదా అన్నది వేరే గడిలో. చూసి సరైన చోటికి వేశాక పాస్ తప్పిపోతే అది టెక్నిక్ పని, డ్రిల్‌లో సరిచేయొచ్చు. అసలు చూడనే లేదంటే మళ్లీ నాలుగు గోల్స్ ఆటే. మూడు నాలుగు మ్యాచ్‌లకు కూడా రెండో లెక్క పెరగకపోతే, గ్రౌండ్ మరీ ఇరుకుగా గీశారేమో ముందు కొలిచి చూడండి. తల ఎత్తడానికి కావాల్సిన సమయం మీ ఆటలోనే దొరకట్లేదేమో.